అంగుళం పొడుగు చెయ్యి

చొక్కా చేతి మడత విప్పుతోంది చిన్నకోడలు. సగం బ్లేడు ముక్కని రెండు వేళ్ళ మధ్య ఒడిసి పట్టుకుని, కుట్టు కిందికి మొన పోనిచ్చి, పుటుక్కున తెంపి, దారపు నలుసుని ఉఫ్‌మని ఊదేస్తోంది. మిషను మీద దగ్గర దగ్గరగా వేసిన కుట్టు. తొందరపడితే బట్ట చిరుగుతుంది. కొత్త బట్ట, ముతక నూలుది. నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకోకుండా, పడ్డచోటే చిన్న చిల్లు పెట్టి ఆరిపోయే రకం. జేబు మీద అరచేతంత తెల్ల గుడ్డ, దాని మీద పదిహేడు అని అంకె.

ఆ అంకె కోసమే ఈ ఇల్లు నెల రోజులుగా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

కిందటి వారమంతా ఈ మేడమీది రెండు గదుల్లో నవ్వులు ఆగలేదు. ఎక్కడో రెండు సముద్రాల అవతలి దేశం నుంచి కంపెనీవాళ్ళు బాయిలర్ల కార్ఖానాకి వచ్చారు. మా దేశానికి వెల్డర్లు కావాలి, వచ్చేవాళ్ళు పేర్లివ్వండి అన్నారు. ముప్పై ఒక్క మంది ఇచ్చారు. వచ్చినవాళ్ళు మొహాలు చూడలేదు, ప్రశ్నలు వెయ్యలేదు. రికార్డులు తిరగేసి నలుగురిని మిగిల్చారు. ఆ నలుగురిలో చిన్నకోడలి భర్త ఒకడు. రేపు సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఇక్కడి షెడ్డులోనే చేతి పరీక్ష. నెగ్గితే మూడు నెలల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ప్రయాణం. ఐదేళ్ళు పనిచేస్తే అక్కడే ఉండిపోయే హక్కు. పరీక్షకి వేసుకోమని నలుగురికీ కొలతలు తీసుకుని మరీ అంకెల చొక్కాలు కుట్టించి పంపారు.

చిన్నకోడలు పైకి ఏమీ అనలేదు గానీ, ఆ కబురు తెలిసిన రోజు నుంచీ కొత్త దేశపు మాటలు రోజుకి పది చొప్పున నోటికి పట్టిస్తోంది. వీధిలోవాళ్ళ బట్టలకి గుండీలు కుడుతూ లోలోపల అప్పజెప్పుకుంటుంది. ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది? దయచేసి నెమ్మదిగా చెప్పండి. నాకు కుట్టుపని వచ్చు. ఆ చివరి మాట దగ్గర ఆమె నడుము తనకి తెలియకుండానే నిటారుగా అవుతుంది.

ఇవాళ పొద్దున్న భర్త ఆ చొక్కా తెచ్చి ఒళ్ళో పడేశాడు.

"చేతులు ఒక అంగుళం పొడుగు చెయ్యి. పొట్టిగా ఉన్నాయి."

"కొలతలు తీసుకునే కదా కుట్టారు?"

"అక్కడ చలి ఎక్కువట. వెళ్ళాక చేతులు పెరుగుతాయేమోనని ముందుజాగ్రత్త," అని నవ్వేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ మనిషి అంతే. నోట్లో జోకు లేకుండా గుమ్మం దాటడు.

కుడిచెయ్యి మడత విప్పడం అయింది. బట్ట సాగదీసి టేపు పెట్టింది. ఇరవై ఐదు అంగుళాలు. టేపు అక్కడే వేలితో అదిమిపెట్టి మళ్ళీ అంకె చూసింది.

వీధిలోవాళ్ళ మొహాలు మరిచిపోవచ్చు గానీ కొలతలు మరిచిపోదామె. తన భర్త చెయ్యి ఇరవై నాలుగు. పెళ్ళయిన ఏడేళ్ళుగా అదే. మిషను మీద కుట్టి పంపిన చొక్కా కూడా సరిగ్గా ఇరవై నాలుగే, అతనికి అతికినట్టు సరిపోతుంది. ఇరవై ఐదు ఎవరిదో ఆమెకి తెలుసు.

గుమ్మం పక్కన తోటికోడలు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఏమే, ఆ చొక్కా వేసుకుని నీ మొగుడు పరీక్షకి వెళ్తున్నాడా, పెళ్ళిచూపులకి వెళ్తున్నాడా? పొద్దుట్నించీ దాన్నే పట్టుకు కూర్చున్నావు."

"అక్కా, బావగారి పని చొక్కా ఏదైనా ఉంటే ఇస్తావా?"

"అదీ చిరిగిందా?"

"చూడాలి."

తోటికోడలు చేట పక్కన పెట్టి, మేకుకి వేలాడుతున్న చొక్కా అందించింది. చిన్నకోడలు ఆ చొక్కా చేతిని కొత్త చొక్కా చేతి మీద పరిచింది. భుజం కుట్టు మీద భుజం కుట్టు. అంచు మీద అంచు. దారం మందం తేడా లేదు.

ఆమె చూపు చేతుల మీద నుంచి భుజాల మీదికి వెళ్ళింది. బావగారి చొక్కా భుజాలూ మెడపట్టీ జల్లెడలా ఉన్నాయి. ఆ చిల్లుల్లో సగానికి పైగా తను మాట్లు వేసినవే. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఇద్దరు వెల్డర్ల చొక్కాలు ఆమే బాగుచేస్తోంది. ఏ చొక్కా ఎవరిదో తిప్పి చూడకుండా చెప్పగలదు. తలపైన పైపులు అతికేవాడికి నిప్పురవ్వలు వానలా మీద పడతాయి. చిల్లులు భుజాల మీద, మెడ దగ్గర, వీపు పైభాగాన పడతాయి. బల్ల మీద పెట్టి అతికేవాడికి ముంజేతుల మీదా, పొట్ట దగ్గరా పడతాయి. పెళ్ళయిన కొత్తలో భర్త చొక్కాల భుజాలకి కూడా మాట్లు వేసేది. ఆ తర్వాత ఎప్పుడో మానేసింది. ఎప్పుడు మానేసిందో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

భర్తని ఎంపిక చేస్తూ కంపెనీవాళ్ళు పంపిన కాగితం మీద ఏముందో ఆమెకి కంఠతా వచ్చు. అతను స్వయంగా రెండుసార్లు చదివి వినిపించాడు. కార్ఖానాలో అతని నంబరు ఇరవై ఆరు. 'ఇరవై ఆరో నంబరు వెల్డరు: తలపైని పైపు అతుకులు, ఆరేళ్ళలో నాలుగు వందల పన్నెండు. ఎక్స్‌రేలో తప్పినవి: లేవు.'

ఆరేళ్ళు. నాలుగు వందల పన్నెండు అతుకులు. భుజం మీద ఒక్క చిల్లు లేదు.

"ఏమయిందే? అలా రాయిలా కూర్చున్నావేం?" అంది తోటికోడలు.

"ఏం లేదక్కా," అంది. కొత్త చొక్కాని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచెయ్యి మడత ఇంకా విప్పలేదు.

నాలుగు గంటలకి భర్త వచ్చాడు. క్షవరం చేయించుకుని, కొత్త దేశానికి ఇప్పుడే బయల్దేరేలా ఉన్నాడు.

"ఎలా ఉన్నాను? పాస్‌పోర్టు ఫోటోలోవాడు నన్ను చూసి కుళ్ళుకోవాలి."

ఆమె నవ్వలేదు. అతనికి కుడివైపు వచ్చి కూర్చుంది. అతని ఎడమచెవి సరిగా వినపడదు. ఆరేళ్ళుగా మాట్లాడాలంటే కుడివైపు నుంచే మాట్లాడుతుంది.

"రేపు ఆ చొక్కా ఎవరు వేసుకుంటున్నారు?"

"అదేం ప్రశ్న? పదిహేడో నంబరు ఎవరిది?"

"చొక్కా నంబరు సరే. చెయ్యి ఎవరిది?"

అతను మంచం మీద నుంచి లేచి, కూజాలో నీళ్ళు వంచుకుని తాగాడు. మళ్ళీ వంచుకున్నాడు. రెండో గ్లాసు తాగలేదు.

"నీ టేపు పాడుగాను," అన్నాడు చివరికి. అది జోకులాగే మొదలుపెట్టాడు గానీ మధ్యలోనే వదిలేశాడు.

తర్వాత అంతా చెప్పాడు. ఆమె వైపు చూడకుండా, గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

ఆరేళ్ళ కిందట, పెద్ద ఆవిరి గొట్టం కింద వెల్లకిలా పడుకుని అతుకు వేస్తుంటే కరిగిన లోహపు బొట్టు ఒకటి ముసుగు పక్కనుంచి జారి చెవిలో పడింది. చెవిలో చీము పట్టిందని భార్యకి చెప్పింది అప్పుడే. వారం మంచాన పడి లేచి మళ్ళీ పనికి వెళ్ళాడు. పైపు కింద నిలబడి తల పైకెత్తాడు. అంతే, చెయ్యి వణికింది. ఆ రోజు వణికింది, మర్నాడూ వణికింది. బల్ల దగ్గర ఏ అతుకైనా వేస్తాడు, దారం కుట్టినట్టు వేస్తాడు. తల పైకెత్తితే మాత్రం ఆ చెయ్యి అతని మాట వినదు.

కార్ఖానాలో ప్రతి వెల్డరుకీ ఒక నంబరు ఉంటుంది. అతుకు వేశాక దాని పక్కనే ఉక్కు ముద్ర పెట్టి సుత్తితో ఆ నంబరు కొట్టాలి. రేపు అతుకు విచ్చుకుంటే ఎవరు వేశారో తెలియాలి కదా. తలపైని అతుకు ఆరు నెలల్లో ఒక్కటైనా తన నంబరు మీద పడకపోతే ఆ వెల్డరు అర్హత పోతుంది, మళ్ళీ సహాయకుడి పనిలోకి దింపేస్తారు.

"అన్నయ్య మొదట ఒక్కటి వేసి నా నంబరు కొట్టాడు. ఈ ఆర్నెల్లు గడవనీ, చెయ్యి కుదురుకుంటుంది అన్నాడు. కుదురుకోలేదు. మళ్ళీ ఆర్నెల్లకి ఇంకోటి కొట్టాడు. తర్వాత అన్నయ్య మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీకి నంబరుతో పనేముందిరా, నా అతుకులన్నీ నీ ఖాతాలో పడనీ అన్నాడు. అప్పటినుంచీ తను వేసిందల్లా ఇరవై ఆరే."

"రేపు?"

"గేటు దగ్గర మొహం చూస్తారు. అక్కడికి నేనే వెళ్తాను. లోపల నలుగురికీ నాలుగు పరదాలు. పరదా వెనక చొక్కా మీద అంకె చూస్తారు, అంతే. బట్టలు మార్చుకునే గదిలో అన్నయ్య ఉంటాడు. ముసుగు దించుకుంటే ఎవరి మొహం ఎవరికి తెలుస్తుంది? ఒక గంట. అతుకు వెయ్యడం, మళ్ళీ చొక్కా మార్చుకోవడం."

చిన్నకోడలు వింది. కుట్టుపని వచ్చు, దయచేసి నెమ్మదిగా చెప్పండి అన్న మాటలు ఆమె లోపల ఎక్కడో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి కూడా విప్పేస్తే అయిపోతుంది. పది నిమిషాల పని. అలా అనిపించలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకి కూడా చెప్పుకోలేదు.

"తర్వాత?" అంది.

"తర్వాతేముంది? వెళ్తాం."

"వెళ్ళాక ఆ ముసుగు కింద ఎవరుంటారు?"

అతను జవాబు చెప్పేలోగా మెట్ల మీద దగ్గు వినపడింది. నాలుగు మెట్లు, ఆగడం, దగ్గు; మళ్ళీ నాలుగు మెట్లు. బావగారు అలాగే ఎక్కుతారు. ఆదివారం కూడా షెడ్డుకి వెళ్ళి, రేపటి పరీక్షకి పరదాలు కట్టించి వస్తున్నారు.

లోపలికి వచ్చి, తమ్ముడి మొహం చూశారు, మరదలి ఒళ్ళో చొక్కా చూశారు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కార్ఖానాలో అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. మాట పొదుపు. అతుకు సరిగ్గా కుదిరితే "ఊఁ" అంటారట, కుదరకపోతే ఏమీ అనరట. ఆయన ఏమీ అనకపోతే వెల్డర్లు వణికిపోతారట.

"నువ్వు భయపడకమ్మా," అన్నారు స్టూలు మీద కూర్చుంటూ. "నేను అన్నీ కనుక్కున్నాను. వెళ్ళిన మొదట్లో నెలరోజులు ఊరికే తిప్పి చూపిస్తారు. తర్వాత బల్ల పని అడుగుతాడు. బల్ల దగ్గర వీడిని మించినవాడు లేడు. ఎవరికీ నష్టం లేదు."

"బావగారూ, ఒక మాట అడగనా?"

"అడుగు."

"వాళ్ళు నాలుగు వందల పన్నెండు అతుకులు చూసి కదా పిలిచారు. తలపైని అతుకు కోసమే కదా పిలిచారు. బల్ల పనికి అంత దూరం నుంచి మనిషిని తెచ్చుకుంటారా? మొదటి రోజే పైపు కింద నిలబెడితే?"

బావగారు ఏమీ అనలేదు.

"ఆ పైపులో ఆవిరి ఉంటుంది. దాని పక్కన ఎవరో మనిషి రోజూ నిలబడతాడు. అది నాలుగు వందల పన్నెండు వేసిన చేతి అతుకనే ఆ మనిషి నమ్ముతాడు. వేసిన చెయ్యి వణికిందని తెలీదు. ఈయన నంబరే ఉంటుంది పక్కన."

ఇన్నేళ్ళలో ఆమె బావగారి ఎదుట ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదు. చొక్కా గట్టిగా పట్టుకుంది.

"ఎదురు చెబుతున్నాననుకోకండి," అంది నెమ్మదిగా.

"అనుకోలేదమ్మా." ఆయన అరచేతులు చూసుకున్నారు. "నెల రోజుల్నుంచీ ఆదివారం ఆదివారం వీణ్ణి పైపు కింద నిలబెడుతున్నాను. కుదురుకుంటాడనే నమ్మకం."

"కుదురుకోలేదు అన్నయ్యా," అన్నాడు భర్త. "నీకు తెలుసు. పోయిన ఆదివారం వెల్డింగు రాడ్డు పైపుకి అంటుకుపోతే నువ్వే ఊడదీశావు. చెప్పు."

"అక్కడి గాలి వేరు."

"గాలా? పైపు కిందికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? నన్ను చూసి నవ్వుకోడానికి కూడా రాదు!"

గుమ్మం దగ్గర బియ్యం చేట నేలమీద పెట్టిన చప్పుడయింది. పెట్టినట్టు లేదు, పడేసినట్టుంది.

తోటికోడలు లోపలికి వచ్చింది. అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది.

"గాలి మాట మీరే అన్నారు కాబట్టి అడుగుతున్నాను," అంది మొగుడితో. "మీరు కూడా పేరిచ్చారని వీళ్ళకి చెప్పారా?"

"నువ్వు లోపలికి వెళ్ళు."

"ఇదే లోపల. ఇంకెంత లోపలికి వెళ్ళను?"

భర్త తలెత్తాడు. "ఏం పేరు వదినా? ఎవరిచ్చారు?"

"మీ అన్నగారే. ముప్పై ఒకటో పేరు ఎవరిదనుకున్నావు? అందరూ వెళ్ళిపోయాక చివర్న వెళ్ళి ఇచ్చి వచ్చారు. నీకెందుకు ఈ వయసులో అని నువ్వు నవ్వుతావని చెప్పలేదు. పోయిన శుక్రవారం కాగితం వెనక్కి వచ్చింది. అందులో ఏముందో చెప్పమంటావా? నాకు చదవడం రాదు కదా అనుకున్నారు, నేను పక్కింటి పిల్లతో చదివించుకున్నాను. తొమ్మిదో నంబరు వెల్డరు. ఐదేళ్ళుగా పైపు అతుకు ఒక్కటీ లేదు. పరిశీలనకి పనికిరాదు. అంతే రాశారు. రెండు ముక్కలు."

కింద వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు. ఆ పంపు చప్పుడు ఒక్కటే.

"నువ్వు వెళ్ళాలనుకున్నావా అన్నయ్యా?"

"ఊరికే ఇచ్చాను రా."

"ఊరికేనా!" అంది తోటికోడలు. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. "ఈ పొగలో ఇంకో నాలుగేళ్ళు ఉంటే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పలేదూ? మేస్త్రీ అయ్యాక కూడా నీ కోసం పైపు కింద పడుకుని ఆ పొగంతా మింగుతున్నాడు. అక్కడ ప్రతి వెల్డరుకీ గొట్టంతో మంచిగాలి వచ్చే ముసుగు ఇస్తారట. అది చదివి మూడు రోజులు నిద్రపోలేదు ఈ మనిషి. చిన్నపిల్లాడిలా కంపెనీ కాగితంలో దాని బొమ్మ నాకు చూపించాడు. చూడవే, వెనక ఈ గొట్టం చూడు, అని. ఊరికే ఇచ్చాడట!"

"చాలించు," అన్నారు బావగారు. గొంతు పెంచలేదు. పెంచడానికి ఊపిరి కూడా లేదు. దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గి, దాన్ని మడిచి చూడకుండానే జేబులో పెట్టుకున్నారు. చిన్నకోడలు ఆ మడవడం చూసింది. చూడకుండా మడిచే మనిషికి అందులో ఏముందో ముందే తెలిసి ఉండాలి.

భర్త నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ గమనించలేదు. నోట్లో జోకు లేకుండా అతన్ని చూడటం చిన్నకోడలికి ఇదే మొదటిసారి. వేరే మనిషిలా ఉన్నాడు. ఈ మనిషితో తను ఇంతవరకూ కాపురం చెయ్యలేదేమో అనిపించింది.

"నాలుగు వందల పన్నెండు," అన్నాడు. "ఆ కాగితం మీ అందరికీ రెండుసార్లు చదివి వినిపించాను కదూ. నువ్వు గోడకి ఆనుకుని విన్నావు. ఊఁ అన్నావు కూడా."

"బాగా వేసినవి కాబట్టి అన్నాను," అన్నారు బావగారు.

తోటికోడలు నవ్విందో ఏం చేసిందో, ముక్కు చీది చీర చెంగుతో తుడుచుకుంది.

చీకటి పడటానికి ఇంకా టైముంది. బావగారు కిటికీ వైపు చూసి, గొంతు సవరించుకుని, పని మాట చెప్పే గొంతుతో అన్నారు: "అయిందేదో అయింది. నాకు పిలుపు రాదు, ఎలాగూ రాదు. వీడికి వచ్చింది కూడా పోగొట్టుకోవడం తెలివితక్కువ. చెయ్యి కుట్టెయ్యమ్మా. పొద్దున్న ఏడింటికి నేను షెడ్డులో ఉండాలి."

చిన్నకోడలు చొక్కాని ఒళ్ళోంచి తీసి మంచం మీద పరిచింది. ఒక చెయ్యి మడత విప్పి ఉంది, ఒకటి లేదు. ఏ అన్నకీ ఏ తమ్ముడికీ సరిపోకుండా ఉంది ఆ చొక్కా.

"కుడతాను బావగారూ. కుట్టనని చెప్పను. ఎవరు వేసుకుంటారో ముందు చెప్పండి. మీరు వేసుకునేట్టయితే రెండోది కూడా విప్పాలి. ఈయన వేసుకునేట్టయితే విప్పింది మళ్ళీ మడవాలి. రెండూ నేనే చేస్తాను. కానీ ఎవరికి కుడుతున్నానో నాకు తెలిసి కుట్టాలి."

"నీకు వెళ్ళాలని లేదా?" అని అడిగాడు భర్త. నింద కాదు, నిజంగానే అడిగాడు.

"ఉంది," అంది. "మీకంటే ఎక్కువ ఉంది. మీకు తెలీదు."

అతను తల ఊపాడు. అన్న వైపు తిరిగాడు.

"అన్నయ్యా, రికార్డుల ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, ఇరవై ఆరు నంబరు మీద ఉన్నవన్నీ తొమ్మిదో నంబరువి అని చెబితే ఏమవుతుంది?"

బావగారు ఆశ్చర్యపోలేదు. ఇది ఆయన ముందే ఆలోచించి, లెక్కేసి, మూసిపెట్టిన సంగతని చిన్నకోడలికి అర్థమయింది.

"ముద్ర మార్చి కొట్టడం చిన్న తప్పు కాదు. ఇద్దరి నంబర్లూ తీసేస్తారు. నన్ను మళ్ళీ ఏ షెడ్డు గడపా తొక్కనివ్వరు. అతుకులన్నీ మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. తియ్యనీ, ఒక్కటి కూడా తప్పు రాదు, అది నాకు తెలుసు. కానీ అతుకు బాగుందని మనిషిని ఉంచుకోరు."

"ఆ కంపెనీవాళ్ళకి తెలిస్తే? నీ చేతి అతుకులని తెలిస్తే?"

"దొంగముద్ర కొట్టిన మేస్త్రీని వాళ్ళు మాత్రం ఎందుకు తీసుకుంటారు రా?"

"తీసుకోరా?"

"నాకేం తెలుసు? ఎవడూ ఇంతవరకూ అడగలేదు."

"చెప్పకపోతే?"

"నువ్వు వెళ్తావు."

"నువ్వు?"

బావగారు స్టూలు మీద కొద్దిగా కదిలారు. "నాకు మేస్త్రీ ఉద్యోగం ఉంటుంది. ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

కింద గాలి పంపు ఆగిపోయింది. రికార్డుల ఆఫీసరు కార్ఖానా గేటు పక్కన క్వార్టర్లలోనే ఉంటాడు. ఆదివారం సాయంత్రాలు మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ కనిపిస్తాడు. ఆ సంగతి ఈ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. ఎవరూ అనలేదు.

భర్త లేచాడు. మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకున్నాడు. అల్మారా తెరిచి తన రికార్డుల ఫైలు తీసుకున్నాడు. వదిన ముందు ఆగి చెయ్యి చాచాడు. ఆమె అర్థం కానట్టు చూసి, తర్వాత మెల్లిగా జాకెట్టులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆ చేతిలో పెట్టింది. తొమ్మిదో నంబరు కాగితం. మూడు రోజులుగా దాన్ని ఒంటి మీదే దాచుకుంది.

"ఒరేయ్," అన్నారు బావగారు. "చిన్నోడా! అది ఇలా ఇవ్వు."

అతను కాగితాన్ని ఫైల్లో పెట్టి, నాడా బిగించాడు.

"అమ్మా, నువ్వు ఆపు వాణ్ణి. నీ మాట వింటాడు." స్టూలు కిర్రుమంది. ఆయన లేవబోయి దగ్గుతో మళ్ళీ కూలబడ్డారు. "నా ఒక్కడితో పోయేది కాదు ఇది. ఇల్లు పోతుంది. ఆపమ్మా!"

నిజమే, ఆమె ఒక్క మాట అంటే అతను ఆగేవాడు. ఏడేళ్ళలో ఆమె అడిగిన మాటకి అతను ఆగని రోజు లేదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. తోటికోడలు ఆమెని చూస్తోంది. బావగారు ఆమెని చూస్తున్నారు. భర్త మాత్రం ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని అతనికీ తెలుసు కాబోలు.

ఆమె పెదవులు మూసుకుంది.

అతను గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. నేలమీద బియ్యం చేటని తొక్కకుండా దాటాడు. ఏదో ఒకటి అంటాడని, ఎప్పటిలాగే ఒక పిచ్చి జోకు విసిరి వెళ్తాడని ముగ్గురూ ఎదురు చూశారు. మెట్లు దిగే అడుగుల చప్పుడు ఒక్కొక్కటీ వినపడింది. వీధిలోకి వెళ్ళాక అతను టీకొట్టు ఉన్న ఎడమవైపు తిరగలేదు. ఒక్కసారైనా మేడ వైపు తలెత్తి చూడకుండా, ఒక్క మాటైనా అనకుండా, ఫైలు చంకలో పెట్టుకుని క్వార్టర్ల వైపు నడిచి వెళ్ళిపోయాడు.